పింగ్ రాకపోతే నెట్ పోయినట్టేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్, ఒడిశా బోర్డర్ దాటి ఆంధ్రాలోకి వస్తే పాతపట్నం. నేను ఫైబర్ కనెక్షన్లు, చిన్న ఆఫీసుల నెట్‌వర్కులు చూసేది ఈ చుట్టుపక్కలే. ఇక్కడ జనసేవా కేంద్రం నడిపే కుర్రాళ్లు కస్టమర్‌తో ఒడియాలో, నాతో తెలుగులో మాట్లాడతారు కానీ, నెట్ ఆగితే రెండు భాషల్లోనూ ఒకటే మాట: "సర్వర్ డౌన్". నిజంగా సర్వర్ డౌన్ అయ్యేది చాలా తక్కువ. ఎక్కడ ఆగిందో నెట్‌వర్కే చాలాసార్లు చెబుతుంది. ఆ చెప్పే పనికి ఐసీఎంపీ అని ఒక ప్రోటోకాల్ (నెట్‌వర్కులో మాట్లాడుకునే పద్ధతి) ఉంది, "ఉన్నావా" అని అడిగి జవాబు కోసం చూసే పింగ్ కూడా దాని మీదే నడుస్తుంది. 1981 సెప్టెంబర్‌లో జాన్ పోస్టెల్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 792 (ఆర్‌ఎఫ్‌సీ అంటే ఇంటర్నెట్ పద్ధతులు రాసిపెట్టే పత్రం) దానికి మూలం. ఐసీఎంపీ చెప్పే కబుర్లని చదవడంలోనే జనం, కొన్నిసార్లు మా ఫీల్డు వాళ్లు కూడా, తప్పులో కాలేస్తుంటారు.

అపోహ: "రిక్వెస్ట్ టైమ్‌డ్ అవుట్" అంటే అవతలి సర్వర్ పడిపోయింది.

ఆ మాట అవతలి నుంచి రాలేదు. విండోస్ పింగ్ కొట్టి నాలుగు సెకన్లు చూసి, ఏ జవాబూ రాకపోతే మీ కంప్యూటరే ఆ లైను రాస్తుంది. ప్యాకెట్ (పంపిన డేటా పొట్లం) వెళ్లలేదా, వెళ్లాక ఫైర్‌వాల్ (రాకపోకల్ని వడకట్టే కాపలా) పట్టించుకోలేదా, జవాబు బయల్దేరి తిరుగుదారిలో పోయిందా అన్నది అందులో ఏమీ లేదు.

"డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్" సంగతి వేరు. అది ఒకరు ఇచ్చిన సమాచారం. పోస్ట్‌మ్యాన్ ఉత్తరం మీద "ఇంటికి తాళం" అని రాసి వెనక్కి పంపినట్టే: ఏ ప్యాకెట్ గురించి చెబుతోందో తెలియడానికి దాని ఐపీ హెడర్ (చిరునామాలు ఉండే ముందు భాగం), ఆ తర్వాత కనీసం 8 బైట్ల డేటా కూడా తిప్పి పంపుతుంది. కాబట్టి మొదట చూడాల్సింది "రిప్లై ఫ్రమ్" పక్కన ఎవరి ఐపీ ఉందని. అక్కడ మీ సొంత కంప్యూటర్ ఐపీయే ఉంటే ప్యాకెట్ మీ గది కూడా దాటలేదు. పక్కనున్న రూటర్‌ని "ఎక్కడున్నావ్" అని అడిగితే అది పలకలేదన్నమాట, కేబులో, వైఫైయో, తప్పు ఐపీ సెట్టింగో చూసుకోవాలి. వేరే రూటర్ ఐపీ ఉంటే, అక్కడి దాకా దారి బాగానే ఉంది, సమస్య దాని తర్వాత.

ఇంకో తిరకాసు: ఈ అన్‌రీచబుల్ జవాబుల్ని కూడా విండోస్ "రిసీవ్డ్" లెక్కలోనే వేస్తుంది. నాలుగుకి నాలుగూ అన్‌రీచబుల్ వచ్చినా కింద లాస్ (పోయిన ప్యాకెట్లు) 0 శాతం అని చూపిస్తుంది! ఆ ఒక్క అంకె చూసి కంప్లైంట్ క్లోజ్ చేసేవాళ్లున్నారు, నాకు తెలుసు.

అపోహ: ట్రేస్‌రూట్‌లో నక్షత్రాలు వచ్చిన చోటే లైను తెగింది.

ప్యాకెట్ ఏ రూటర్ల మీదుగా పోతుందో వరసగా చూపించి, జవాబు రాని చోట నక్షత్రాలు వేసే ట్రేస్‌రూట్ చేసేది ఒక చిన్న ఉపాయం. 1980ల చివర్లో వాన్ జాకబ్సన్ రాశాడు. ప్రతి ఐపీ ప్యాకెట్‌కీ టీటీఎల్ అనే అంకె ఉంటుంది, దాటిన ప్రతి రూటరూ దాన్ని ఒకటి తగ్గిస్తుంది, సున్నా అయితే ప్యాకెట్‌ని పారేసి "టైమ్ ఎక్సీడెడ్" అని పంపినవాడికి చెబుతుంది. టీటీఎల్ 1తో మొదలుపెట్టి ఒక్కొక్కటీ పెంచుకుంటూ పోతే దారిలోని రూటర్లు వరసగా బయటపడతాయి. అయితే రూటర్ అసలు పని ప్యాకెట్లు దాటించడం, ఇలాంటి జవాబులు రాయడం కాదు. అందుకే పెద్ద రూటర్లు సెకనుకి ఇన్నే అని జవాబులకి పరిమితి పెట్టుకుంటాయి, కొన్ని అసలు పలకవు. ఐదో వరసలో నక్షత్రాలు వచ్చి ఆరు, ఏడు, ఎనిమిది బాగా పలికితే ఐదుని వదిలేయండి. ఒకచోట మొదలైన లాస్ చివరి వరస దాకా కొనసాగితేనే అనుమానించాలి.

అపోహ: ఊరు పక్కనే ఉంది కదా, పింగ్ టైము తక్కువ రావాలి.

పర్లాకిమిడి నుంచి పాతపట్నం బండి మీద టీ తాగడానికి వెళ్లొచ్చే దూరం. కానీ ఇక్కడ ఒక కంపెనీ కనెక్షన్, అక్కడ ఇంకో కంపెనీ కనెక్షన్ ఉంటే, ఆ ఇద్దరూ ట్రాఫిక్ ఇచ్చిపుచ్చుకునే ఊరి దాకా వెళ్లి రావాల్సిందే, ఆ ఊరు వందల కిలోమీటర్ల అవతల ఉన్నా సరే. ఫైబర్‌లో వెలుగు సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే 1000 కిలోమీటర్ల ఫైబర్‌కి వెళ్లి రావడానికే 10 మిల్లీసెకన్లు, మధ్యలో రూటర్ల ఆలస్యం అదనం. పైగా తిరుగుదారి వేరేది కావచ్చు, ట్రేస్‌రూట్‌కి అది కనపడదు.

అపోహ: ఐసీఎంపీ మొత్తం బ్లాక్ చేస్తే సేఫ్.

నన్ను ఎక్కువ తిప్పించేది ఇదే. ఈ భయం ఊరికే పుట్టలేదు. 1990ల రెండో సగంలో పెద్ద పింగ్ ప్యాకెట్‌తో కంప్యూటర్లు కూలిపోవడం, బ్రాడ్‌కాస్ట్ అడ్రసుకి (ఆ నెట్‌వర్కులో అందరికీ చేరేది) పింగ్ కొట్టి జవాబులన్నీ ఇంకొకరి మీదకి మళ్లించే స్మర్ఫ్ దాడులు నిజంగానే జరిగాయి. మొదటిదాన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌ల వాళ్లు సరిచేశారు. రెండోదానికి, అలాంటి బ్రాడ్‌కాస్ట్‌లని రూటర్లు మామూలుగా ఆపేయాలని 1999లో ఆర్‌ఎఫ్‌సీ 2644 వచ్చింది. అయినా "అన్నీ బ్లాక్" అనే సలహా మాత్రం అలాగే నడుస్తోంది.

దానివల్ల ఏమవుతుందో చూడండి. కంప్యూటర్ మామూలుగా 1500 బైట్ల ప్యాకెట్ పంపుతుంది. లైను పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో కలిసే రకం) అయితే పట్టేది 1492. ఆ ప్యాకెట్ మీద "ముక్కలు చేయొద్దు" అని గుర్తుంటే (ఈ రోజుల్లో దాదాపు ఎప్పుడూ ఉంటుంది), రూటర్ దాన్ని పారేసి "పెద్దదైంది, 1492కి తగ్గించు" అని టైప్ 3 కోడ్ 4 సందేశం పంపుతుంది. పంపినవాడు సైజు తగ్గించుకుంటాడు. 1990 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1191 చెప్పిన పద్ధతి ఇది. మధ్యలో ఆఫీసు ఫైర్‌వాల్ ఐసీఎంపీ మొత్తాన్నీ మింగేస్తే ఆ కబురు కంప్యూటర్‌కి చేరదు, అది అదే సైజులో మళ్లీ మళ్లీ పంపుతూ కూర్చుంటుంది. బయటికి ఎలా కనిపిస్తుందంటే, పేజీ తెరుచుకుంటుంది, లాగిన్ అవుతుంది, ఓటీపీ కూడా పడుతుంది, ఫోటో అప్‌లోడ్ దగ్గర మాత్రం చక్రం తిరుగుతూనే ఉంటుంది. చిన్న ప్యాకెట్లు పోతున్నాయి, పెద్దవి పోవట్లేదు. స్పీడ్ టెస్ట్ పెట్టి, రూటర్ మార్చి, ప్లాన్ పెంచినా ఇది పోదు.

చూడటం తేలికే. విండోస్‌లో పింగ్‌కి ముక్కలు చేయొద్దని మైనస్ ఎఫ్, సైజు కోసం మైనస్ ఎల్ 1472 పెట్టి కొట్టండి, హెడర్లు 28 కలిపి సరిగ్గా 1500. అది పోకుండా 1464 పోతే (28 కలిపితే 1492) దారి సైజు తెలిసినట్టే. ఫైర్‌వాల్‌లో ఆ ఒక్క సందేశాన్నైనా వదలాలి, అది మన చేతిలో లేకపోతే రూటర్‌లో ఎంఎస్‌ఎస్‌ని (హెడర్లు కాక ఒక్కో ప్యాకెట్‌లో పెట్టే డేటా పరిమితి) 1452కి బిగించాలి. ఐపీవీ6లో (ఐపీ కొత్త తరం) అయితే మధ్య రూటర్లు ప్యాకెట్లని అసలు ముక్కలు చేయవు, పక్క కంప్యూటర్‌ని కనుక్కోవడం కూడా ఐసీఎంపీ మీదే నడుస్తుంది, కాబట్టి అక్కడ మొత్తం బ్లాక్ చేస్తే సేఫ్టీ సంగతి తర్వాత, ముందు నెట్టే ఉండదు. పింగ్‌ని పరిమితి పెట్టి వదలండి, అనవసరమైన రీడైరెక్ట్‌లు (వేరే దారిలో పంపమనే సందేశాలు) ఆపండి, నాకేం అభ్యంతరం లేదు.

అపోహ: ప్యాకెట్ ఎక్కడ పోయినా నెట్‌వర్క్ చెప్పి తీరుతుంది.

చెప్పదు. రద్దీ ఎక్కువై రూటర్ పారేసిన ప్యాకెట్ గురించి ఎవరూ కబురు పంపరు. మొదట్లో "కాస్త నెమ్మదించు" అనడానికి సోర్స్ క్వెంచ్ అనే సందేశం ఉండేది, ఉపయోగం లేదని 2012లో ఆర్‌ఎఫ్‌సీ 6633తో అధికారికంగా పక్కన పెట్టేశారు. ఐసీఎంపీ ఎర్రర్ దారిలో పోయినా దాని మీద ఇంకో ఎర్రర్ పుట్టదు, లేకపోతే ఎర్రర్ల మీద ఎర్రర్లతోనే లైను నిండిపోతుంది. పోయిన డేటాని, అక్‌లు (అందిందని చెప్పే జవాబులు) రాలేదని గమనించి, మళ్లీ పంపించేది టీసీపీ. సాయంత్రం ఏడు దాటాక వీడియో కాల్ నత్తనడక నడుస్తుంటే ఏ ఎర్రర్ సందేశం కోసమూ వెతకొద్దు, పది నిమిషాలు పింగ్ నడిపి టైము ఎక్కడ పెరుగుతోందో చూడండి.

అపోహ: పింగ్ వస్తోంది కాబట్టి వెబ్‌సైట్ కూడా రావాలి.

ఐసీఎంపీకి పోర్టులు (మెషిన్‌లో ఒక్కో సేవకి ఉండే తలుపు నంబర్లు) ఉండవు. మెషిన్ పింగ్‌కి పలికినంత మాత్రాన పోర్టు 443 మీద వెబ్ సర్వర్ నడుస్తోందని కాదు. అలాగే పింగ్ ఆపేసిన సైట్ చక్కగా తెరుచుకోవచ్చు. నేనైతే ముందు గేట్‌వేకి (మన రూటర్‌కి), తర్వాత 8.8.8.8కి (బయట ఉన్న గూగుల్ సర్వర్), ఆఖర్న సైటు పేరుకి పింగ్ కొడతాను. మొదటి రెండూ పలికి, పేరు దగ్గర "హోస్ట్ దొరకలేదు" అని వస్తే అది డీఎన్‌ఎస్ (సైటు పేరుకి ఐపీ చెప్పేది) గొడవ. దానికోసం స్తంభం ఎక్కి ఫైబర్ చూడమని నాకు ఫోన్ చేయక్కర్లేదు, సెట్టింగ్స్‌లో డీఎన్‌ఎస్ మార్చి చూడండి.