అడిక్‌మెట్ గుట్టల మీద: ఓయూ కట్టడాల వెనుక కథ

2025 ఆగస్టు 25న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఉస్మానియా యూనివర్సిటీ (ఓయూ) క్యాంపస్‌కు వచ్చి రెండు కొత్త హాస్టళ్లు ప్రారంభించారు. ఒకటి దుందుభి, ఇంకోటి భీమ. రెండూ కృష్ణలో కలిసే నదుల పేర్లు. 80 కోట్లతో కట్టిన భవనాలివి. డిసెంబరులో ఆయనే మళ్లీ వచ్చి వర్సిటీకి 1,000 కోట్లు ప్రకటించారు. నూరేళ్లు దాటిన యూనివర్సిటీలో ఇప్పటికీ పెద్ద వార్త హాస్టల్ గదే ఎందుకైంది? దీనికి జవాబు కావాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1917 ఏప్రిల్ 26న యూనివర్సిటీ పెట్టాలని ఫర్మానా (రాజాజ్ఞ) ఇచ్చారు. 1918లో యూనివర్సిటీ ఏర్పడింది. 1919 ఆగస్టులో క్లాసులు మొదలైనప్పుడు విద్యార్థులు 225 మంది, పాఠాలు చెప్పేవాళ్లు 25 మంది. బోధన ఉర్దూలో. సొంత గూడు లేదు. అబిడ్స్, గన్‌ఫౌండ్రీ వైపు ఉన్న భవనాల్లోనే ఏళ్ల తరబడి సర్దుకున్నారు.

సొంత చోటు కోసం వెతుకుతూ 1920ల మొదట్లో స్కాట్లాండ్ వాడైన ప్యాట్రిక్ గెడ్డెస్ సలహా తీసుకున్నారు. నగరాల ప్లానింగ్‌లో పెద్ద పేరున్న మనిషి. చివరికి స్థలం అడిక్‌మెట్ దగ్గర ఖాయమైంది. అప్పుడది ఊరికి దూరం, రాళ్లూ తుప్పలూ. అంతకు వందేళ్ల ముందు అది కవయిత్రి మహ లఖా బాయి చందా జాగీరు. ఆమె పేరుతో ఉన్న మెట్ల బావి ఇప్పటికీ క్యాంపస్‌లో ఉంది. ఎన్నో ఏళ్లు చెట్లూ చెత్తా కమ్ముకుని, పక్కనుంచి నడిచేవాళ్లకి కూడా కనబడకుండా ఉండేది. ఈ మధ్యే బాగుచేశారు.

ఆ తర్వాత చేసిన పని ఈ రోజుల్లో ఊహకు అందదు. నమూనా భవనాలు చూసి రమ్మని నవాబ్ జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరు ఆర్కిటెక్టులను దేశాల మీదికి పంపారు. యూరప్, అమెరికా, జపాన్, టర్కీ, ఈజిప్టు అన్నీ తిరిగారు. ఈజిప్టులో వాళ్లకు బెల్జియం ఆర్కిటెక్టు ఎర్నెస్ట్ జాస్పర్ తారసపడ్డాడు. కైరో పక్కన హెలియోపోలిస్ పట్నంలో పేరున్న కట్టడాలు గీసినవాడు. ఆయన్ని హైదరాబాద్ రప్పించారు. 1934 జులై 5న ఆర్ట్స్ కాలేజీకి శంకుస్థాపన జరిగింది. 1939 డిసెంబరు 4న నిజాం దాన్ని ప్రారంభించారు. ఐదేళ్లకు పైగా పట్టింది.

ఆ ఐదేళ్లూ ఎటు పోయాయో తెలియాలంటే పొద్దున్నే వెళ్లి మెట్ల దగ్గర నిలబడి గోడను చూడాలి. గులాబీ రంగు గ్రానైట్. మన గుట్టల రాయే. ఒక దిమ్మె పక్కన ఇంకో దిమ్మె ఎంత ఒద్దికగా కూర్చుందంటే, కీలు మధ్య గోరు దూర్చడం కూడా కష్టం. లోపలి స్తంభాలను చూస్తే అజంతా, ఎల్లోరా గుహలు గుర్తొస్తాయి. తలెత్తితే ముఖద్వారం ఆర్చి మసీదుల సంగతి చెబుతుంది. రెండూ ఒక్క భవనంలోనే ఉన్నా ఎక్కడా అతుకు వేసినట్టు అనిపించదు. ఎండ ఏటవాలుగా పడే వేళ రాయి రంగు మారుతుంది. 1969లోనూ, 2009 తర్వాతా తెలంగాణ ఉద్యమ సభలెన్నో ఈ మెట్ల ముందే జరిగాయి కాబట్టి టీవీలో ఈ గోడ చూడని తెలుగువాడు ఉండడు.

కానీ ఆ శ్రద్ధ ఆ ఒక్క భవనంతోనే ఆగిపోయిందేమో అనిపిస్తుంది. 1948 తర్వాత ఉర్దూ పోయి ఇంగ్లిషు వచ్చింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. డిపార్ట్‌మెంట్లు, పీజీ కోర్సులు, అనుబంధ కాలేజీలు ఒకటొకటిగా పెరుగుతూ పోయాయి. అవసరం పడ్డప్పుడల్లా ఒక బ్లాకు లేపారు, చాలకపోతే దాని మీద ఇంకో అంతస్తు. నిధులొచ్చిన ఏడాది సిమెంటు, రాని ఏడాది వట్టి సున్నం పూత. 1,600 ఎకరాలని చెప్పుకునే భూమి కూడా అంతా మిగల్లేదు. 1950ల చివర్లో జాతీయ పోషకాహార సంస్థ, ఇప్పుడు ఇఫ్లూ అని పిలిచే ఇంగ్లిషు భాషా సంస్థ వచ్చి క్యాంపస్‌ను ఆనుకుని స్థిరపడ్డాయి. చదువుకోసమే కదా, ఇవ్వడంలో తప్పు పట్టడానికేమీ లేదు. అంచుల్లో కబ్జాల గొడవ వేరే కథ. 2015లో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఓయూ భూముల్లో కొంత పేదల ఇళ్లకు తీసుకుంటామంటే విద్యార్థులు రోడ్డెక్కారు. ఇక్కడ గజం భూమి అంటేనే నిప్పు.

ఇక హాస్టళ్లు. పాతవాటికి ఇంగ్లిషు అక్షరాలే పేర్లు: ఏ, బీ, డీ, ఈ వన్. అప్పుడు చేరేవాళ్లు తక్కువ, ఉండేది రెండేళ్లు. 1976లో వరంగల్ పీజీ సెంటరు కాకతీయ యూనివర్సిటీ అయ్యాక ఒత్తిడి కొంత తగ్గుతుందనుకున్నారు. తగ్గలేదు. కారణం కోర్సుల్లో లేదు, ఉద్యోగాల్లో ఉంది. పాలమూరు నుంచో ఆదిలాబాద్ నుంచో వచ్చిన పిల్లాడికి ఓయూ గది అంటే పీజీ సీటు ఒక్కటే కాదు, గ్రూప్స్‌కి, అంటే సర్కారు ఉద్యోగాల పోటీ పరీక్షలకి ప్రిపేర్ కావడానికి నగరంలో దొరికే అతి చవకైన నీడ. నోటిఫికేషన్ ఆలస్యమైతే వాడి మకాం కూడా పొడుగవుతుంది. పీహెచ్‌డీలో చేరితే ఇంకొన్నేళ్లు. అలా పుట్టిన మాటే ‘నాన్ బోర్డర్’. రిజిస్టర్‌లో పేరుండదు, స్నేహితుడి గదిలో చాప ఉంటుంది. ఇద్దరికో ముగ్గురికో ఉద్దేశించిన గదిలో ఐదారుగురు. మెస్‌లో ఒకరి ప్లేటు ఇద్దరికి. అధికారులు అప్పుడప్పుడూ తనిఖీ చేసి ఖాళీ చేయిస్తారు, వారం తిరక్కముందే చాప మళ్లీ పరుచుకుంటుంది. వీళ్లను అక్రమంగా ఉంటున్నవాళ్లని తేలిగ్గా కొట్టిపారేయడం నాకు నచ్చదు. ఈ లెక్క తెలియకుండా ఎన్ని గదులు కావాలో ఎవరు తేలుస్తారు?

ఇంతమంది వాడితే పైపులూ, డ్రైనేజీ, ట్రాన్స్‌ఫార్మర్లూ ఏమవుతాయో చెప్పక్కర్లేదు. 2024 ఏప్రిల్ చివర్లో, ఎండలు మండుతున్నప్పుడు, నీళ్లకూ కరెంటుకూ కటకటగా ఉంది, హాస్టళ్లు మూస్తున్నామన్న నోటీసు బయటికొచ్చింది. ఎన్నికల వేడి కావడంతో అది కాస్తా రాజకీయ దుమారమైంది. పార్టీలు ఒకరి మీద ఒకరు విరుచుకుపడ్డాయి. ఇప్పుడు నదుల పేర్లతో హాస్టళ్లు లేచిన చోట అప్పుడు నల్లా నీళ్ల గురించి ఇంత రభస! శతాబ్ది ఉత్సవాలకని 2017లో రాష్ట్ర బడ్జెట్‌లో 200 కోట్లు చూపించినప్పుడు కూడా జనం ఎక్కువగా మాట్లాడుకుంది కొత్త భవనాల గురించే, పాత పైపుల గురించి కాదు.

పాతదాన్ని బాగుచేయడం మనకు చేతకాదని అనలేం. కోఠిలో ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ ఉంది. 1800ల మొదట్లో జేమ్స్ కిర్క్‌ప్యాట్రిక్ కట్టించింది. స్వాతంత్ర్యం వచ్చాక ఉస్మానియా మహిళా కాలేజీ అందులో నడిచింది. దర్బారు హాలు పైకప్పు పెచ్చులూడి, లోపలికి వెళ్లాలంటేనే భయపడే స్థితి వచ్చింది. ప్రపంచంలో ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలోకీ ఎక్కింది. ఏళ్లు పట్టిన మరమ్మతు తర్వాత 2023లో తిరిగి తెరిచారు. ఇలాంటి పాత గోడకు సిమెంటు పూస్తే తేమ లోపలే ఉండిపోయి గోడ ఉబ్బుతుంది. అందుకే డంగు సున్నం కావాలి. సున్నం నానాలి, దంచాలి, ఒక పూత ఆరాకే ఇంకో పూత వేయాలి. టెండరు గడువుకి అది లొంగదు. ఆ కాలేజీ ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరుతో వేరే యూనివర్సిటీ అయింది కాబట్టి ఓయూ ఖాతాలోంచి పోయింది, ఆ అనుభవం మాత్రం పోనక్కర్లేదు.

దుందుభి, భీమల్లో కొత్త మంచాలు పడ్డాయి. ఏ, బీ హాస్టళ్ల వయసు మాత్రం తగ్గదు. ఆ 1,000 కోట్లలో కొత్త శంకుస్థాపనలకు ఎంత, పాత హాస్టళ్ల పైపులకూ వైరింగుకూ ఎంత అన్న విభజన బయటికి రావాలి. చాప మీద పడుకున్న నాన్ బోర్డర్‌ని కూడా ఆ లెక్కలో కలిపారా లేదా అన్నది అప్పుడే తెలుస్తుంది.