లిప్‌స్టిక్ పామ్ హైదరాబాద్‌లో బతకదా? అపోహలు - వాస్తవాలు

లక్క రంగు మట్టల మొదళ్లతో నిలబడే లిప్‌స్టిక్ పామ్ సొంత చోటు మలేసియా, సుమత్రా, బోర్నియోల చిత్తడి అడవులు. అక్కడ ఏడాది పొడవునా గాలిలో చెమ్మే. కడియంలో గోదావరి గాలికి నిగనిగలాడిన మొక్క కూడా హైదరాబాద్ మేడ మీదికి చేరాక నెల తిరక్కుండానే ఆకు కొసలు మాడ్చుకుంటుంది. అది చూసి చాలామంది ఆశ వదిలేసుకుంటారు. దయచేసి వదిలేయకండి.

అపోహ: మన ఎండకు ఆగదు.
వాస్తవం: ఎండకన్నా పొడిగాలే దీనికి ఎక్కువ చేటు. షేడ్ నెట్ వేసి, పడమటి గాలికి అడ్డం కట్టి, నాలుగైదు కుండీలు దగ్గరగా పెట్టండి. ఆకుల మీద చల్లిన నీళ్లు కాసేపట్లో ఆరిపోతాయి. పైగా బోరు నీళ్లైతే తెల్లమచ్చలు. దానికన్నా కుండీల చుట్టూ నేల తడపడం నయం.

అపోహ: నీళ్లు ఎక్కువైతే వేరు కుళ్లుతుంది.
వాస్తవం: చాలా మొక్కల విషయంలో ఇది నిజమే. కానీ ఇది బురదలో పుట్టిన మొక్క. ఆ భయంతోనే నా మొదటి మొక్కకు రెండు రోజులకోసారి నీళ్లు పోసి చంపుకున్నాను. ఇప్పుడున్న మొక్క కుండీని టబ్బులో మూడు వేళ్ల లోతు నీళ్లలో ఉంచుతున్నాను. చలికాలంలో మాత్రం బయటికి తీస్తాను.

అయితే ఏ నీళ్లన్నది ముఖ్యం. ఆ అడవుల్లో నీళ్లకు పులుపు గుణం. మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. వాటితో ఇనుము, మాంగనీస్ వేళ్లకు అందక కొత్త ఆకు పాలిపోయి వస్తుంది. మందులు కొనే ముందు డాబా మీది వాననీళ్లు డ్రమ్ముల్లో పట్టి పోసి చూడండి.

అపోహ: మట్టల మొదళ్లు పచ్చగా ఉన్నాయంటే నకిలీ మొక్క.
వాస్తవం: లేత మొక్క పచ్చగానే ఉంటుంది. ఎరుపు వయసుతో వస్తుంది.

అపోహ: పండిన మట్టలు కోసేస్తే కొత్తవి తొందరగా వస్తాయి.
వాస్తవం: పొటాష్ చాలనప్పుడు మొక్క దాన్ని పాత మట్టల్లోంచే లాగి మొవ్వుకు, అంటే నడిమి లేత చిగురుకు పంపుతుంది. పూర్తిగా ఎండేదాకా కొయ్యకండి.

అపోహ: మనకు చలేముంది?
వాస్తవం: రాత్రి 15 డిగ్రీల కిందికి దిగితే దీనికి కష్టమే. డిసెంబర్‌లో కుండీని గోడ వారకు జరిపి, మొవ్వాకు మీద, పక్క మట్ట మీద ఒకే ఎత్తులో మార్కర్‌తో గీత పెడతాను. మొవ్వు పెరిగితే గీతలు విడిపోతాయి. మొన్న చలికాలంలో పన్నెండు రోజులు కదల్లేదు. టెన్షన్‌తో రోజూ పొద్దున్నే వెళ్లి చూసేవాణ్ణి. సంక్రాంతి వెళ్లాక గీత వేలి మందం పైకి జరిగింది.