రెండు కళ్ల కెమెరా కొనేముందు

రెండు లెన్సులతో ఒకేసారి రెండు ఫొటోలు తీసి లోతు చూపించే పాత స్టీరియో కెమెరా మీద మనసు పడ్డవాళ్లు ముందుగా అడిగేది ఏ కంపెనీది మంచిదని. నన్నడిగితే అది రెండో ప్రశ్న. మొదటిది, దాని రెండు కళ్లూ ఒకే మాట మీద ఉన్నాయా లేదా అన్నది.

మన కళ్ల మధ్య ఎడం సుమారు 6.5 సెంటీమీటర్లు. అందుకే రెండు కళ్లలో పడే బొమ్మలు కాస్త తేడాగా ఉంటాయి, ఆ తేడాను బట్టే మెదడు దగ్గరేదో దూరమేదో తేలుస్తుంది. 1838లో చార్లెస్ వీట్‌స్టన్ ఈ సంగతిని ఒక్కో కంటికి ఒక్కో బొమ్మ చూపే అద్దాల స్టీరియోస్కోప్‌తో చూపించాడు. ఫొటోలింకా జనంలోకి రాని రోజులవి, పాపం గీసిన బొమ్మలతోనే నెట్టుకొచ్చాడు. స్టీరియో కెమెరా పనీ ఇదే. రెండు ఫొటోల మధ్య తేడా ఉంటే తీసిన చోటులోనే ఉండాలి. వెలుగు, ఫోకస్, తీసిన క్షణం అన్నీ ఒకటే కావాలి.

కాబట్టి కెమెరా చేతికి రాగానే రీలు వేయకుండా వెనక మూత తెరవండి. షట్టర్ ఒక సెకనుకు (అది లేకపోతే ఉన్నవాటిలో అన్నిటికన్నా నెమ్మది వేగానికి) పెట్టి, కిటికీ వైపు పట్టుకుని నొక్కండి. రెండు గుండ్రటి వెలుగులూ ఒకేసారి తెరుచుకుని ఒకేసారి మూసుకోవాలి. లోపల గ్రీజు ఎండిపోయి ఒకటి బద్ధకిస్తే, కొత్తపట్నం బీచ్‌లో ఎడమ ఫొటోలో లేచిన అల కుడి ఫొటోలో విరిగిపోయి ఉంటుంది, ఆ జతను ఒక్కో కంటికి ఒక్కోటిగా చూపే వ్యూయర్‌లో చూస్తే కళ్లు జిలజిలలాడతాయి. తర్వాత అపర్చర్, అంటే వెలుగు లోపలికొచ్చే రంధ్రాన్ని పెద్దదీ చిన్నదీ చేసేది, తిప్పుతూ రెండు రంధ్రాలూ సమానంగా చిన్నవవుతున్నాయేమో చూడండి. టార్చి వేసి లెన్సుల్లో బూజు వెతకండి. ఒక్క లెన్సుకే బూజుంటే మరీ చిరాకు, ఒక కంటికి మంచు కమ్మినట్టుంటుంది. మన సముద్రపు గాలికి తోలు కేసులో పెట్టి బీరువాలో పడేశారంటే బూజు పట్టక మానదు, సిలికా జెల్ పొట్లాలేసిన గాలి చొరని డబ్బాలో పెట్టుకోండి.

ఇక కంపెనీ. అమెరికాలోని మిల్వాకీలో తయారైన స్టీరియో రియలిస్ట్ 1947 నుంచి 1971 దాకా అమ్ముడైంది. గట్టి సరుకే, కానీ రీలు తిప్పడం వేరు, షట్టర్ ఎక్కుపెట్టడం వేరు, రెండూ గుర్తుంచుకుని చేయాలి. 1954లో వచ్చిన కొడాక్ స్టీరియోలో రీలు తిప్పితే షట్టర్ తనే సిద్ధమవుతుంది, వ్యూఫైండర్‌లో రసమట్టం బుడగ కూడా కనిపిస్తుంది. కొత్తవాళ్లకు నేనైతే ఇదే కొనమంటాను, ఎందుకంటే ఈ కెమెరాను వంకరగా పట్టుకోకూడదు. ఒక ఫొటోలో వస్తువు పైకి, రెండోదాంట్లో కిందికి ఉంటే, కళ్లు ఒకటి పైకి ఒకటి కిందికి తిరగలేక తలనొప్పి వస్తుంది. నిలువు ఫొటోల మాటే వద్దు.

ఏం తీయాలి? రియలిస్ట్ లెన్సుల మధ్య ఎడం 7 సెంటీమీటర్లు. దానికి 30 రెట్లు, అంటే 2.1 మీటర్లకన్నా దగ్గర ఏదీ రాకూడదన్నది వాడుకలో ఉన్న లెక్క. చీమకుర్తి గ్రానైట్ క్వారీ అంచున నిలబడి అవతలి గోడ తీస్తే మామూలు ఫొటోలాగే చప్పగా ఉంటుంది, అంత దూరానికి ఈ 7 సెంటీమీటర్లు ఏ మూలకు? అదే ఒంగోలు గిత్తను మూడు మీటర్ల దూరంలో ఎదురుగా నిలిపి తీయండి, మూతి ముందుకొచ్చి, కొమ్ములు దాని వెనక, మూపురం ఇంకా వెనక, దేనికది విడివిడిగా నిలబడతాయి. అన్నీ స్పష్టంగా రావాలి, ఎందుకంటే లోతున్న ఫొటోలో కన్ను మూలమూలకూ తిరుగుతుంది. 100 ఐఎస్ఓ (వెలుగును పట్టే శక్తికి కొలత) రీలుతో ఎర్రటి ఎండలో అపర్చర్ ఎఫ్/16కి, అంటే చిన్న రంధ్రానికి, షట్టర్ సెకనులో 100వ వంతుకు పెట్టుకుంటే సరిపోతుంది.

ఇందులో ఒక్కో ఫొటో మామూలుదానికన్నా ఇరుకు కనుక 36 ఫొటోల రీలులో సుమారు 28 జతలొస్తాయి. కడిగించడానికి చెన్నైకో బెంగళూరుకో కొరియర్ చేసేటప్పుడు 'రీలు కత్తిరించొద్దు' అని పెద్దక్షరాలతో రాయండి. రియలిస్ట్ తరహా కెమెరాల్లో ఒక జతలోని రెండు ఫొటోలు పక్కపక్కన ఉండవు, మధ్యలో వేరే జతలవి రెండుంటాయి. మామూలు కొలతకు కత్తెర వేస్తే ఫొటోలు నడిమికి తెగుతాయి. పైగా లెన్సు బొమ్మను తలకిందులు చేస్తుంది కనుక, రీలును నిటారుగా తిప్పి చూస్తే ఎడమది కుడివైపుకి వచ్చి ఉంటుంది. వాటిని అటుదిటు మార్చకుండా వ్యూయర్‌లో పెడితే గిత్త మూపురం ముందుకొచ్చి మూతి వెనక్కి పోతుంది.