ఇది ఫ్యాన్ కాదు, పొయ్యి: కారు పార్కింగ్ హీటర్‌పై అపోహలు – వాస్తవాలు

ఇంజన్ ఆపేసి ఉన్నా కారును వెచ్చగా ఉంచే పార్కింగ్ హీటర్లను బిగించడం, విప్పి బాగుచేయడం నా పని. బండి తెచ్చినవాళ్లతో మాట్లాడుతుంటే చాలామంది దీన్ని వేడిగాలి కొట్టే ఫ్యాన్ అనుకుంటున్నారని తెలుస్తుంది. స్విచ్ నొక్కితే వెచ్చటి గాలి వస్తుంది కాబట్టి అలా అనుకోవడం సహజమే. కానీ ఇంధనంతో నడిచే హీటర్ నిజానికి ఒక చిన్న పొయ్యి. ట్యాంకులోని పెట్రోలునో డీజిలునో కొద్దికొద్దిగా తీసుకుని మండిస్తుంది. ఆ వేడిని కూలెంట్‌కో (ఇంజన్‌ చుట్టూ తిరిగే ద్రవం), లోపలి గాలికో అందిస్తుంది. పొయ్యి అన్నాక పొగ ఉంటుంది. ఆ పొగ ఎటు పోతోందో చూసుకోమని అందరికీ ముందుగా చెబుతాను.

అపోహ: ఇంజన్ ఆఫ్‌లోనే ఉంది కదా, గ్యారేజీలో హీటర్ వేసుకున్నా ఏమీ కాదు.

ఇది ప్రాణం మీదికి తెచ్చే మాట. హీటర్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం, మగత మొదలవుతాయి. అలసట అనుకుని కాసేపు కళ్లు మూసుకుంటే ఇక లేవలేకపోవచ్చు. గ్యారేజీ తలుపు సగం తెరిచి ఉంచితే చాలని కొందరంటారు, చాలదు. ఇంటికి ఆనుకుని ఉన్న గ్యారేజీ అయితే ఆ గ్యాస్ గదుల్లోకీ వస్తుంది. ఆరుబయట కూడా గోడకు ఆనించి పెట్టినా, బండి చుట్టూ మంచు పేరుకుపోయినా పొగ అక్కడే తిరుగుతుంది.

ఇందులో టైమర్ ఇంకా ప్రమాదం. నిన్న బయట పార్క్ చేసి, పొద్దున్నే ఆన్ అయ్యేలా టైమర్ పెట్టారు. ఇవాళ బండి గ్యారేజీలో పెట్టి ఆ సంగతి మరిచిపోయారు. తెల్లవారుజామున అది తనంతట తానే వెలుగుతుంది. బండి లోపల పెట్టే ముందు టైమర్ తీసేశారో లేదో తప్పకుండా చూసుకోండి. ఫోన్ యాప్, రిమోట్ ఉన్నా అంతే. బండి ఎక్కడుందో కచ్చితంగా తెలియకుండా ఆ బటన్ నొక్కకండి.

అపోహ: క్యాబిన్ ఫిల్టర్ ఉంది కాబట్టి పొగ లోపలికి రాదు.

హీటర్ వేస్తే తలనొప్పి వస్తోందని ఒకాయన బండి తెచ్చారు. లిఫ్ట్ మీద ఎక్కించి టార్చి వేసి చూశాను. హీటర్ పొగ గొట్టం బొటనవేలంత లావు ఉంటుంది. దాని క్లాంప్ తుప్పు పట్టి, గొట్టం వేలెడు కిందికి జారింది. ఆ అతుకు చుట్టూ నల్లటి మసి వలయం కట్టింది, తుడిస్తే గుడ్డకు అంటింది. అక్కడ లీకైన పొగ విండ్‌షీల్డ్ కింద ఉండే గాలి ద్వారం గుండా క్యాబిన్‌లోకి వెళ్తోంది. హీటర్ లోపల మంట వైపు గాలి, మనం పీల్చే గాలి కలవకుండా మధ్య లోహపు గోడ ఉంటుంది. బయట గొట్టం ఊడితే ఆ గోడ ఉండి ఏం లాభం? ఇక క్యాబిన్ ఫిల్టర్ దుమ్మును, పుప్పొడిని ఆపుతుంది. బొగ్గు పొర ఉన్న ఫిల్టర్ కూడా కార్బన్ మోనాక్సైడ్‌ను ఆపలేదు. అందుకే బండిలోనే నిద్రపోయేవాళ్లు బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పకుండా పెట్టుకోవాలి. ఈ విషయంలో ఖర్చు చూడకండి.

అపోహ: టిక్ టిక్ మంటోంది, హీటర్ పోయినట్టే.

టెన్షన్ పడకండి, అది డోసింగ్ పంపు చప్పుడు. ఇంధనాన్ని చుక్కల లెక్కన పంపేది అదే. వెలిగేటప్పుడు కాస్త తెల్లపొగ రావడం, ఆపేశాక కొన్ని నిమిషాలు ఫ్యాన్ తిరగడం కూడా మామూలే. మంట గది చల్లారాలి కదా! ఆ కాసేపట్లో బ్యాటరీ కనెక్షన్ మాత్రం పీకకండి. నల్లపొగ ఆగకుండా వస్తున్నా, లోపల పొగ వాసన తగిలినా ఆపేసి చూపించండి.

అపోహ: ఇంజన్ ఆపితే చాలు, హీటర్ నడుస్తున్నా ఇంధనం పోయించుకోవచ్చు.

వద్దు. లోపల మంట ఉంది, బయట పెట్రోలు ఆవిరి ఉంటుంది. బంకులోకి వెళ్లకముందే హీటర్ ఆపేయండి. ఎండుగడ్డి, రాలిన ఆకుల మీద బండి నిలిపి హీటర్ వేయడమూ అలాంటిదే. పొగ గొట్టం వేడికి అవి అంటుకుంటాయి.

అపోహ: పార్కింగ్ వెంటిలేషన్ అంటే ఏసీ లాంటిదే.

కాదు. ఇందులో మంట ఉండదు, ఆగి ఉన్న బండిలో ఫ్యాన్ బయటి గాలిని లోపలికి తోస్తుంది, అంతే. బయట 38 డిగ్రీలుంటే లోపల అంతకన్నా చల్లబడదు. డ్యాష్‌బోర్డు వెంట్లు మూసి ఉంటే ఆ మాత్రం గాలి కూడా ఆడదు, దిగేముందు తెరిచి ఉంచండి. వెంటిలేషన్ నడుస్తోంది కదా అని పిల్లల్నో పెంపుడు జంతువుల్నో లోపల వదిలి వెళ్లకండి, ఐదు నిమిషాలైనా సరే. ఎండలో మూసిన కారు వేడెక్కడంలో ఎక్కువ భాగం మొదటి అరగంటలోనే జరిగిపోతుంది. పైగా బ్యాటరీ వోల్టేజీ తగ్గితే చాలా బండ్లలో ఫ్యాన్ దానంతట అదే ఆగిపోతుంది. ఆగిందని మీకెవరూ చెప్పరు.

బ్యాటరీ మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. హీటర్‌కు వేడి ఇంధనం నుంచే వచ్చినా, ఫ్యాన్, పంపు, వెలిగించే గ్లో ప్లగ్ బ్యాటరీ మీదే నడుస్తాయి. ఎంతసేపు హీటర్ వేశారో కనీసం అంతసేపు బండి నడపాలన్నది మా లెక్క. రోజూ అరగంట హీటర్ వేసి ఐదు నిమిషాలు నడిపేవాళ్ల బ్యాటరీ ఎక్కువ కాలం నిలవదు. ట్యాంకు రిజర్వ్‌లో పడ్డాక హీటర్ వెలగకపోతే చాలా కార్లలో అది లోపం కాదు, బండి నడవడానికి ఇంధనం మిగలాలని అలా తయారుచేశారు.

అపోహ: వేసవిలో హీటర్‌ను ముట్టుకోనక్కర్లేదు.

నెలకోసారి పది నిమిషాలు వేయండి. నెలల తరబడి వాడకపోతే పైపులో ఇంధనం పాతబడుతుంది, పంపు పట్టేస్తుంది. చలి మొదలైన రోజే వెలగట్లేదని వచ్చే బండ్లలో చాలావాటి కథ ఇదే. చాన్నాళ్లకు వేస్తున్నారు కాబట్టి మొదట్లో కాస్త ఎక్కువే పొగ రావచ్చు. బండిని ఆరుబయట, ఇంటి కిటికీలకు దూరంగా నిలిపి వేయండి.