పాడుకొంపలకు వందేళ్లు నిండుతున్నాయి

అమెరికా మైదానాల్లో రైతులు వదిలేసి పోయిన ఇళ్ల చుట్టూ మెటల్ డిటెక్టర్లతో నాణేలు వెతకడం తప్పా ఒప్పా అన్న తగువు మళ్లీ లేచింది. ఆ ఇళ్లు లేచింది 1862 హోమ్‌స్టెడ్ చట్టంతో: ప్రభుత్వం 160 ఎకరాల బంజరు ఇస్తుంది, అక్కడ ఐదేళ్లు కాపురముండి సాగుచేస్తే పట్టా. ఇప్పటి తగువుకు మూలం మాత్రం అందులో లేదు, 1974 నాటి ఒక అప్పీలు తీర్పులో ఉంది.

అరిజోనాలోని శాన్ కార్లోస్ అపాచీ రిజర్వేషన్‌లో, అంటే ఆదివాసీ తెగకు కేటాయించిన భూమిలో, ఒక గుహలోంచి ముసుగులు పట్టుకుపోయిన వ్యక్తిపై 1906 నాటి చట్టం కింద కేసు పెట్టారు. ప్రాచీన వస్తువు తీసుకుపోవడం నేరమని ఆ చట్టం అంది గానీ, ఎన్నేళ్లయితే ప్రాచీనమో చెప్పలేదు. ఆ ముసుగులు చూస్తే చేసి నాలుగైదేళ్లు కూడా కాలేదు. అది నేరమని మామూలు మనిషికి ఎలా తెలుస్తుందంటూ కోర్టు శిక్ష కొట్టేసింది. ఆ కన్నం పూడ్చేందుకే 1979 అక్టోబరు 31న పురావస్తు వనరుల రక్షణ చట్టం వచ్చింది. వాడుకలో దాన్ని ఆర్పా అంటారు. ఈసారి అంకె పెట్టారు: కనీసం నూరేళ్లు.

నూరేళ్లన్నారు గానీ ఫలానా సంవత్సరానికి ముందువని అనలేదు. కాబట్టి గీత ఏటా ఒక అడుగు ముందుకు జరుగుతుంది. 1979లో అది 1879 దగ్గర ఉండేది. అప్పటికి ఈ ఇళ్లలో చాలావాటికి పునాదే పడలేదు. హోమ్‌స్టెడ్ అసలు జోరు 1900 తర్వాతిది. 1909లో ఎండు ప్రాంతాల్లో వాటాను 320 ఎకరాలు చేశారు, 1912లో ఐదేళ్ల కాపురాన్ని మూడేళ్లకు తగ్గించారు, 1916లో పశువుల మేతకైతే 640 ఎకరాలన్నారు. మోంటానాకు రైళ్లలో జనం దిగారు. 1917 నుంచి అక్కడ కరువు పట్టుకుంది, వచ్చినవాళ్లు వచ్చినట్టే వెళ్లారు. ఆర్పా గీత ఇప్పుడు సరిగ్గా ఆ ఖాళీ ఇళ్ల మీదికి వచ్చి నిలబడింది. ఇరవై ఏళ్ల కిందట ఆ చట్టానికి పట్టని మేకులు, సీసాలు, బొత్తాలు ఇప్పుడు దాని కిందికి వస్తున్నాయి.

వెతికేవాళ్ల వాదన ఆర్పాలోని ఒక మినహాయింపు మీద నిలబడింది. పురావస్తువు కాని రాయి, నాణెం, తూటా సొంతానికి ఏరుకోవచ్చు, అనుమతి అక్కర్లేదు. తుప్పు పట్టి నేలలో కలిసిపోయేదాన్ని బయటికి తీసి కాపాడుతున్నామని కూడా అంటారు. వెండి నాణెం నేలలో కలిసిపోదు, అది వేరే సంగతి. పైగా మినహాయింపు చదివేటప్పుడు ‘పురావస్తువు కాని’ అన్న మాటలు వాళ్ల నోట్లోనే ఉండిపోతాయి.

అసలు చిక్కు ఇంకోటి ఉంది. 1930ల దుమ్ము తుపాన్ల కాలంలో, పంట రాని పొలాలను ప్రభుత్వమే తిరిగి కొన్నది. 1937 బ్యాంక్‌హెడ్-జోన్స్ చట్టంతో ఆ కొనుగోళ్లు స్థిరపడ్డాయి. ఆ భూముల్లో సుమారు 40 లక్షల ఎకరాలు 1960లో నేషనల్ గ్రాస్‌లాండ్స్ (జాతీయ గడ్డిభూములు) పేరుతో అటవీ శాఖ చేతిలో ఉండిపోయాయి. ఆ శాఖ నిబంధనల్లో గీత నూరేళ్లది కాదు, యాభయ్యేళ్లది. 1964 నాటి వెండి డైమ్ (పది సెంట్ల నాణెం) అయినా ఆ గీతను ఎప్పుడో దాటేసింది. ఫ్రిస్కో, డెంటన్‌లలోని తెలుగువాళ్లకు గంట దూరంలో ఉండే ఎల్‌బీజే గ్రాస్‌లాండ్ కూడా ఇలా కొన్న పొలాలే. టెక్సస్‌కు ఆ ఫెడరల్ హోమ్‌స్టెడ్ చట్టం వర్తించలేదు గానీ యాభయ్యేళ్ల నిబంధన మాత్రం ఉంది. నేషనల్ పార్కుల్లోనైతే డిటెక్టర్ దగ్గర పెట్టుకోవడమే తప్పు.

ఇక వెతికే తీరు. ముందు ఫెడరల్ భూ కార్యాలయం పట్టాలను ఇంటర్నెట్‌లో ఉచితంగా చూసి, పేరు, సంవత్సరం, సెక్షన్ నంబరు రాసుకుంటారు. ఆరు మైళ్ల చదరంలో 36 సెక్షన్లు, సెక్షన్‌కు 640 ఎకరాలు. పాత ఇంటి 160 ఎకరాలంటే అందులో పావు. అక్కడికి వెళ్లాక గోడలు కనబడకపోయినా లైలాక్ పొద, వరసగా నాటిన చెట్లు, సెల్లార్ కూలిన గుంత ఇంటి ఆనవాలు పట్టిస్తాయి. నాణేలు దొరికేది గుమ్మం ముందు, బట్టలారేసే తీగ కింద, మరుగుదొడ్డి దారిలో. అక్కడే మేకులు కూడా గుట్టలు. డిటెక్టర్ కింద నేలమీద ఊపే గుండ్రటి పళ్లెం లాంటి కాయిల్ 11 అంగుళాలదైతే మేకూ నాణెమూ ఒకేసారి దాని కిందికి వస్తాయి, ఇనుము వద్దని సెట్ చేసిన డిటెక్టర్ రెండింటి మోతనూ మింగేస్తుంది. అందుకే 5, 6 అంగుళాల కాయిల్ వేసి, ఇనుము మోత కూడా వినబడేలా పెట్టి, నెమ్మదిగా ఊపుతారు. వంగిన మేకు, తుప్పు రేకు ఒక్కోసారి వెండిలాగే మోగుతాయి. అప్పుడు 90 డిగ్రీలు పక్కకు తిరిగి మళ్లీ ఊపాలి. మోత మాయమైనా, డిటెక్టర్ తెర మీది అంకె గంతులేసినా అది ఇనుమే.

ఇనుమని తేలగానే పక్కకు విసిరేస్తారు. పురావస్తు శాస్త్రవేత్తల గోడు సరిగ్గా ఇక్కడే. నాణెం మీది సంవత్సరం చూసి, అది అంతకు ముందు పడలేదని మాత్రమే చెప్పగలం. అరిగిన నాణెమైతే ముప్పై ఏళ్లు చేతులు మారాక జారి ఉండొచ్చు. ఇల్లు ఎప్పుడు కట్టారో చెప్పేది ఆ మేకులే. 1890లలో నలుచదరపు కోత మేకులు పోయి తీగ మేకులు వచ్చాయి. మూత మధ్య సీసపు చుక్కతో మూసిన డబ్బా అయితే పాతది, అంచు మడిచినదైతే తర్వాతిది. ఎండకు ఊదారంగు తిరిగిన గాజు మొదటి ప్రపంచ యుద్ధానికి కాస్త అటూ ఇటూగా ఆగిపోతుంది. మేకులు ఎక్కడెక్కడ ఎంత ఒత్తుగా పడ్డాయో చూస్తే ఇల్లు కాలిందో, చెక్క కోసం విప్పుకుపోయారో తెలుస్తుంది. ఈ రైతుల్లో చాలామంది పట్టా కాగితం తప్ప రాతలో ఇంకేమీ మిగల్చలేదు.

డిటెక్టర్ మీద శాస్త్రవేత్తలకు పగేమీ లేదు. 1876లో అమెరికా సైన్యం, ఆదివాసీ తెగలు తలపడిన లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధభూమిలో 1983లో గడ్డి తగలబడితే, మరుసటి ఏడాది స్వచ్ఛంద డిటెక్టర్ బృందాలను వాళ్లే వరసగా నడిపించారు. మోగినచోటల్లా చిన్న జెండా పాతి, స్థానం, లోతు రాసుకున్నాకే తీశారు. తూటా గొట్టాల మీది ఫైరింగ్ పిన్ గుర్తులు పోల్చి, ఏ తుపాకీ ఎక్కణ్నుంచి ఎక్కడికి కదిలిందో గీశారు. కాయిల్ అదే, వాడిన తీరు వేరు.

శిక్ష లెక్క చాలామందికి తెలియదు. ఆర్పా కింద మొదటి తప్పుకు 10,000 డాలర్ల దాకా జరిమానా, ఏడాది దాకా జైలు. వస్తువు విలువ, బాగుచేసే ఖర్చు కలిపి 500 డాలర్లు దాటితే 20,000, రెండేళ్లు. 1988కి ముందు ఆ హద్దు 5,000గా ఉండేది. విలువంటే సంతలో పలికే ధర ఒక్కటే కాదు. ఆ గుంతలో పోయిన సమాచారాన్ని శాస్త్రీయంగా తవ్వి తీయడానికి ఎంతయ్యేదో అది కూడా లెక్కే. ఐదు డాలర్ల ధర కూడా పలకని నాణెం కోసం తీసిన గుంత ఆ హద్దును సులువుగా దాటుతుంది.

లంకెబిందెల కథలు విని పెరిగిన మనకు ఇందులో కొత్తేమీ లేదు. 1878 నిధుల చట్టం ప్రకారం పది రూపాయలు దాటిన నిధి దొరికితే కలెక్టరుకు చెప్పాలి. 1972 పురావస్తువుల చట్టంలో ప్రాచీన వస్తువుకు మనమూ నూరేళ్లే పెట్టుకున్నాం.

అమెరికాలో ప్రైవేటు భూమిలోనైతే యజమాని అనుమతి చాలు. కప్పు కూలిన ఇంటికి యజమాని లేడనుకోవడం దగ్గరే చాలామంది దొరికిపోతారు. కౌంటీ పన్ను రికార్డులో ఎవరో ఒకరు ఏటా కడుతూనే ఉంటారు. దొరికినదాంట్లో వాటాతో సహా కాగితం మీద రాయించుకోవాలి. పశ్చిమాన ఒక పావు సెక్షన్ సొంతానిదైతే పక్క పావు ప్రభుత్వానిది కావచ్చు. కంచె పశువుల కోసం వేసింది, అది హద్దు మీదే ఉండాలని లేదు. ఒక్కోసారి ఇల్లు అనుమతి ఉన్న భూమిలోనే ఉంటుంది, ఆ ఇంటివాళ్లు చెత్త పోసిన వాగు గట్టు మాత్రం ఫెడరల్ వైపు ఉంటుంది.