తూర్పు జర్మనీ: అర్జీలు చదివాక మారిన చరిత్ర

1989 డిసెంబరు 4న తూర్పు జర్మనీలోని ఎర్ఫర్ట్‌లో జనం స్టాసీ ఆఫీసులోకి చొరబడ్డారు. ఆ రహస్య పోలీసులు ఫైళ్లు తగలబెట్టేస్తున్నారన్న అనుమానం వాళ్లను కదిలించింది. ముందు నడిచింది ఆడవాళ్లే. దేశమంతటా కలిపి, వరుసగా పేరిస్తే 111 కిలోమీటర్లు వచ్చే కాగితాలు మిగిలాయి. సిబ్బంది చేత్తో చింపేసినవి దాదాపు 15 వేల సంచులు. 1995 నుంచి న్యూరెంబర్గ్ దగ్గరి జిర్న్‌డోర్ఫ్‌లో కొందరు ఉద్యోగులు ఆ ముక్కలను అంచుకు అంచు కలుపుతూ టేపు అంటించారు.

1992 జనవరి నుంచి ఎవరి ఫైలు వాళ్లు చూసుకునే వీలొచ్చింది. తమ మీద చాడీలు మోసింది పక్కింటివాళ్లని, స్నేహితులని, ఒకావిడ విషయంలో కట్టుకున్న మొగుడేనని తెలిసింది. ఆ గాయం పచ్చిగా ఉన్నప్పుడు రాసిన చరిత్రలో పైన పాలక కమ్యూనిస్టు పార్టీ, దాని చేతిలో స్టాసీ, కింద నోరులేని జనం. ఆ కోపం న్యాయమైనదే. పైగా నాజీ, స్టాలిన్ పాలనలను ఒకే గాటన కట్టే ప్రచ్ఛన్న యుద్ధకాలపు ఆలోచన దానికి అప్పటికే సిద్ధంగా ఉంది.

అయితే కోటీ 60 లక్షల మంది 40 ఏళ్లు భయంతోనే బతికారా? సామాజిక చరిత్రకారులు ఈ ప్రశ్న పట్టుకుని అర్జీల కట్టలు విప్పారు. అర్జీకి 4 వారాల్లో జవాబివ్వాలని 1975లో చట్టమే చేశారక్కడ. ఇంటి కప్పు కారుతోందని, కారు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్నామని జనం రాసేవారు. ‘సోషలిజంలో ఇదేమిటి?’ అని పార్టీ మాటలనే పార్టీకి అప్పజెప్పేవారు. పని జరక్కపోతే ఓటుకు రామని బెదిరించినవాళ్లూ ఉన్నారు. నూటికి 99 మంది ఓటేశారని చాటుకునే ప్రభుత్వానికి అది చిన్న టెన్షన్ కాదు.

అలా ఆ పాలనకు కొత్త పేర్లు పుట్టాయి. చరిత్రకారుడు కొన్రాడ్ యారౌష్ దాన్ని ‘సంక్షేమ నియంతృత్వం’ అన్నారు. ఉద్యోగం, ఇల్లు, పిల్లల సంరక్షణ ఇచ్చి, బదులుగా విధేయత అడిగే రాజ్యం అన్నమాట. మరో చరిత్రకారిణి మేరీ ఫుల్‌బ్రూక్ ఇంకా ముందుకెళ్లి, లక్షల మంది సంఘాల్లో, కమిటీల్లో చేరి తామే నడిపించిన ‘భాగస్వామ్య నియంతృత్వం’ అన్నారు. ఆ మాట చాలామందికి మింగుడుపడలేదు. ఆ చరిత్రను చెప్పేటప్పుడు రోజువారీ జీవితానికి కూడా చోటివ్వాలని 2006లో ఒక నిపుణుల కమిటీ సిఫారసు చేస్తే, నియంతృత్వపు మచ్చలకు సున్నం కొట్టి దాచేస్తున్నారని కొందరు మండిపడ్డారు. 2023లో తూర్పు జర్మనీ చరిత్ర మీద ఒక కొత్త పుస్తకం రాగానే మళ్లీ అదే గొడవ.

బాధితుల భయం నాకు అర్థమవుతుంది. బెర్లిన్ గోడ దగ్గర కనీసం 140 మంది ప్రాణాలు పోయాయి. అయినా అర్జీలను పక్కన పెట్టమనడం సరికాదు. ఆ పాలన అసలు రంగు బయటపడేది వాటిలోనే. కప్పు బాగుచేయమని రాస్తే 4 వారాల్లో జవాబొచ్చేది. దేశం విడిచి పశ్చిమానికి పోనివ్వమని రాసినవాళ్లలో చాలామందికి మాత్రం ఉన్న ఉద్యోగం పోయేది, స్టాసీలో కొత్త ఫైలు తెరుచుకునేది.