సానెట్ అంటే పద్నాలుగు లైన్లేనా?

అమలాపురంలో డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెప్తాను. పద్యాలు వింటూ పెరిగినవాణ్ని కాబట్టి సానెట్ (యూరప్‌లో పుట్టిన కవితా రూపం) క్లాసులోకి మన సీసపద్యం ఎలాగూ దూరుతుంది.

అపోహ: పద్నాలుగు పాదాలు రాస్తే సానెట్ అయిపోతుంది.

మొన్న ఒక కుర్రాడు కాలువ గట్టు గురించి ఇంగ్లీషులో రాసిన కవిత తెచ్చాడు. లెక్కకు పద్నాలుగు పాదాలూ ఉన్నాయి. ఎనిమిదో పాదం కింద కాగితం మడిచి, "పైన ఏం చెప్పావు, కింద ఏం చెప్పావు?" అని అడిగాను. రెండు చోట్లా కాలువ అందంగానే ఉంది, అంతే.

ఇటాలియన్ కవి పెట్రార్క్ పద్ధతిలో మొదటి ఎనిమిది పాదాలు ఆక్టేవ్. అంత్యప్రాస కఖఖక కఖఖక (ఒకే అక్షరం ఉన్న పాదాలకు ఒకే ప్రాస). తర్వాతి ఆరు సెస్టెట్, గఘచ గఘచ అనో గఘగఘగఘ అనో నడుస్తుంది. ఆ రెంటి మధ్య ఆలోచన మలుపు తిరగాలి, దాన్నే వోల్టా అంటారు. మన కాలువల మీది లాకులు చూడండి, మలుపు అలాంటిదే. పడవ లోపలికి వెళ్లాక గేట్లు మూస్తారు, నీటి మట్టం మారుతుంది, అవతలి గేటు తీస్తే అదే పడవ వేరే మట్టంలో సాగుతుంది.

అపోహ: సానెట్ షేక్‌స్పియర్ కనిపెట్టాడు.

కాదు. 13వ శతాబ్దంలో సిసిలీలో పుట్టింది. 16వ శతాబ్దంలో ఇంగ్లీషు కవి వయట్ ఇంగ్లీషులోకి తెచ్చాడు, మరో కవి సర్రే కఖకఖ గఘగఘ చఛచఛ జజ అనే అచ్చు పోశాడు. ఇంగ్లీషులో ప్రాసలు ఇటాలియన్‌లో దొరికినంత తేలిగ్గా దొరకవు. అందుకే ఇందులో ఒక్కో ప్రాస రెండేసిసార్లు వస్తే చాలు. ఇంకో ఇంగ్లీషు కవి స్పెన్సర్ మాత్రం కఖకఖ ఖగఖగ గఘగఘ చచ అని గొలుసు కట్టాడు. షేక్‌స్పియర్ 154 సానెట్లు అచ్చయింది 1609లో.

అపోహ: చివరి కప్లెట్ (ఒకే ప్రాస ఉన్న రెండు పాదాలు) మన ఎత్తుగీతి లాంటిదే.

చాలా ఏళ్లు నేనూ ఇలాగే చెప్పాను, తప్పే. సీసం కింద ఎత్తుగీతిగా ఆటవెలదో తేటగీతో వస్తుంది, అంటే నడకే మారిపోతుంది. కప్లెట్‌లో నడక మారదు, పై పాదాల్లో ఉన్న అదే అయాంబిక్ పెంటామీటర్ (ఊనిక లేని, ఊనిక ఉన్న అక్షరాల జంటలు పాదానికి ఐదు). మారేది ప్రాస కూర్పు ఒక్కటే. పైగా మన ప్రాస పాదంలో రెండో అక్షరం, వాళ్లది పాదం చివర.

అపోహ: నియమం తప్పితే సానెట్ కాదు.

షేక్‌స్పియర్ 99వ సానెట్‌లో 15 పాదాలు, 126వ దానిలో 12. మిల్టన్ తన అంధత్వం మీద రాసిన సానెట్‌లో ఎనిమిదో పాదం మధ్యలోనే మలుపు తిప్పేశాడు. అయితే వాళ్లు నియమం తెలిసి తప్పినవాళ్లు, మన కుర్రాడి సంగతి వేరు.

నిన్న మళ్లీ వచ్చాడు. ఈసారి తొమ్మిదో పాదంలో, వేసవికి కాలువకు నీళ్లు ఆపేశారు. ప్రాస రెండు చోట్ల ఇంకా కుదరాలి.